దమ్ము చేలో దిగబడ్డ యుద్ధయంత్రం

మా అమ్మాయి సినిమాలో చూసిన నడిచే యుద్ధయంత్రాన్ని పాచికలాట కోసం అంకెల్లోకి మారుస్తోంది. కవచానికి ఇరవై, వేగానికి పదిహేను వేసింది. పాచికలు గచ్చు మీద దొర్లిన చప్పుడుకి మా పాత అరుగు గుర్తొచ్చింది.

మీరూ ఆడే ఉంటారు. అగ్గిపెట్టెలతో అంతరిక్ష ట్యాంకులు చేసి, చింతపిక్కలతో వాటి బలం లెక్కగట్టేవాళ్లం. ఎంత గొప్ప ట్యాంకు చేసినా మా అక్కది ఒకటే ప్రశ్న.

"దమ్ము చేలో దిగబడిపోదేంటే?"

నాట్లకు కలిపిన ఆ బురదలో ఇనుప చక్రాలు లేకపోతే ట్రాక్టరే కూరుకుపోయేది మరి.

అదే మా అమ్మాయిని అడిగాను. వేగం కొట్టేసి సున్నా వేసింది.

"మరి మీరు బయటికెలా తీసేవాళ్లమ్మా?"

"ఎదుటి జట్టు ట్యాంకే తాడు కట్టి లాగాలి. ఊళ్లో ట్రాక్టరు దిగబడితే, పగవాడిదైనా లాగడమే కదా పద్ధతి! లాగాకే మళ్లీ యుద్ధం."