పంపుల పిన్ని పట్టిన పట్టు

పంపుల గదిలోకి చెప్పులతో అడుగుపెట్టినవాళ్లను ఆవిడ ఊరికే వదిలేది కాదు. లారీ యజమాని అయినా, కన్నతండ్రి అయినా ఒకటే తిట్టు. గ్యారేజీ అంతా మసీ గ్రీజూ. ఆ ఒక్క గది మాత్రం అద్దంలా ఉండేది. ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపులో కంటికి కనిపించనంత దుమ్ము దూరినా చాలు, ఇంజిన్ దగ్గడం మొదలుపెడుతుంది. అందుకని కిటికీకి ఎప్పుడూ తడిగుడ్డ కట్టి ఉంచేది. డ్రైవర్లందరికీ ఆవిడ పంపుల పిన్ని.

పని నేర్పింది తండ్రి. నిజానికి ఆయన కొడుక్కి నేర్పుదామనుకున్నాడు. కొడుకు ఒక స్ప్రింగును పైకప్పుకు ఎగరగొట్టి, అది ఎక్కడ పడిందో వెతకడానికి కూడా ఓపిక లేక బయటికి వెళ్లిపోయాడు. దాన్ని వెతికి తెచ్చింది కూతురు. ఆ రోజు నుంచి తండ్రి పక్కన స్టూలు ఆమెదైంది. పెళ్లి మాట ఎత్తినవాళ్లతో, "పంపులతో కాపురం బాగానే సాగుతోంది, దీన్ని చెడగొట్టకండి" అనేది.

ఆ కాపురంలో పోయినవి చెవులు. పంపును బిగించి తిప్పే టెస్ట్ బెంచ్ రోజంతా రొద పెట్టేది. చెవుల్లో దూది పెట్టుకోమని తండ్రి చెప్పి చెప్పి అలిసిపోయాడు. ముందు కుక్కర్ విజిల్ వినపడటం మానేసింది, తర్వాత ఫోను, ఆ తర్వాత మాటలు. ఆవిడ మనుషుల పెదాలు చదవడం నేర్చుకుంది, గొంతు పెంచి మాట్లాడటం కూడా. ఎవరైనా జాలిగా చూస్తే మాత్రం ఒళ్లు మండేది.

తండ్రి పోయాక గ్యారేజీ తమ్ముడి చేతికి వచ్చింది. అప్పుడొక లారీ విషయంలో పొరపాటు జరిగింది. ఆవిడ బిగించిన పంపు నుంచి డీజిల్ పడాల్సినదానికన్నా కాస్త ముందుగానే పడి ఇంజిన్ లోపల కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ఆవిడకు వినపడలేదు. బండి బయటికి వెళ్లింది, దారిలో పిస్టన్ పగిలింది. తమ్ముడు గదికి తాళం వేసి, అక్కను విడిభాగాలమ్మే కౌంటర్లో కూర్చోబెట్టాడు.

"చెవిటిదాన్ని తెచ్చి ఫోను పక్కన కూర్చోబెట్టావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది ఆవిడ.

తప్పు తనదేనని ఆవిడకూ తెలుసు. అందుకే కొన్ని నెలలు నోరు మూసుకుని నట్లూ బోల్టులూ అమ్మింది.

అలాంటి రోజుల్లో నీలం లారీ వచ్చింది. దాని డ్రైవరే దాని యజమాని. క్వారీ నుంచి రాళ్లు తోలేవాడు. పాత ఇంజిన్‌లో క్రాంక్ అనే ఇరుసు విరిగితే, ఒక పెద్ద జనరేటర్ నుంచి దించిన ఇంజిన్ కొని పెట్టించాడు. ఇంజిన్ బండిలో కుదురుగానే కూర్చుంది. బండే కదలడానికి ఏడ్చింది. ఖాళీగా ఉంటే గునుస్తూ పోయేది, లోడు వేస్తే ఎత్తు ఎక్కలేక నల్లటి పొగ కక్కి ఆగిపోయేది. తమ్ముడు డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్చాడు, ఫిల్టర్లు మార్చాడు, పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచాడు. పొగ పెరిగింది, లాగుడు పెరగలేదు.

"అమ్మేసెయ్యి అన్నా, పాత ఇనుము కింద" అన్నాడు చివరికి.

డ్రైవర్ మొహం పాలిపోయింది. "ఒక్కసారి పిన్నికి చూపించకూడదా?"

తమ్ముడు కౌంటర్ వైపు ఒక చూపు చూసి, చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని ఏదో అన్నాడు. ఆవిడకు చెంపల కదలిక చాలు. ఆ నోటికి మాటలు నేర్పింది తనే.

"'ఆవిడ పనైపోయింది' అన్నావు కదూ?" గ్యారేజీ అంతా మారుమోగేలా అడిగింది. "అయిపోయిందో లేదో నేను చెప్పాలి. తాళం ఇస్తావా, పగలగొట్టుకోమంటావా?"

"అక్కా, మళ్లీ ఇంజిన్ పగిలితే?"

"పగిలితే కౌంటర్లోనే చస్తాను. ఇటు తే."

తాళం ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు డ్రైవర్ కళ్లలోకి చూడలేకపోయాడు.

ఆవిడ ముందు గది తుడిచింది. తర్వాత పంపు మూత విప్పి చూసి, పకపకా నవ్వింది. జనరేటర్ పొద్దస్తమానం ఒకే వేగంతో తిరుగుతుంది. ఆ వేగం తప్పకుండా కాపలా కాసే గవర్నర్ పంపు వెనక ఉంటుంది. డ్రైవర్ తొక్కినా వదిలినా దానికి పట్టదు. తనకు తెలిసిన ఒక్క వేగాన్నే పట్టుకు వేలాడుతుంది.

"ఇది జనరేటర్ బుద్ధి. బండి నడపమంటే ఎలా నడుపుతుంది? నీ పాత పంపు ఏదీ?" అంది డ్రైవర్‌తో.

అది లారీ వెనకాల గోనెసంచిలో పడి ఉంది. రెండూ ఒకే రకం కావడం అతని అదృష్టం. పాత పంపు అరిగిపోయినా దాని గవర్నర్ బాగానే ఉంది. అందులోని స్ప్రింగులూ బరువులూ విప్పి, డీజిల్లో కడిగి, జనరేటర్ పంపులో బిగించింది. బెంచ్ మీద తిప్పితే ఒక్కో గొట్టం నుంచి ఒక్కో గాజు గొట్టంలోకి డీజిల్ దిగింది. ఒక దాంట్లో ఎక్కువ, ఒక దాంట్లో తక్కువ. అన్నీ ఒకే మట్టానికి వచ్చేదాకా సరిచేస్తూ కూర్చుంది. ఆ పనికి కళ్లు చాలు. ఆవిడ కళ్లు ఇంకా డేగ కళ్లే.

పంపును ఇంజిన్‌కు ఎక్కించాక, డీజిల్ ఎప్పుడు పడాలో కుదర్చాలి. మొదటి గొట్టం స్థానంలో వంపు తిరిగిన సన్నటి గొట్టం పెట్టి, తమ్ముడిచేత ఇంజిన్ను చేత్తో మెల్లగా తిప్పించింది. చుక్కలు పడుతున్నాయి, పడుతున్నాయి, ఆగిపోయాయి. పంపు డీజిల్‌ను ఇంజిన్‌లోకి నెట్టడం మొదలుపెట్టే చోటు అదే.

"ఆపు! అక్కడే. ఊపిరి కూడా పీల్చకు."

గొట్టాల్లో గాలి తీసేసి స్టార్ట్ చేశారు. తెల్లటి పొగ ఒక్కసారి గుప్పుమని విడిపోయింది. ఆవిడ గొట్టాల మీద వేళ్లు ఆనించింది. ప్రతి గొట్టమూ నాడిలా కొట్టుకుంటోంది, ఒక్కటీ వెనకబడలేదు. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజిన్ మాట విని లేచింది, వదలగానే దిగింది. అతను స్టీరింగ్ మీద తల ఆనించి కళ్లు తుడుచుకున్నాడు.

"అప్పుడే ఏడవకు. లోడు వేసుకురా, క్వారీ ఎత్తు ఎక్కిద్దాం" అంది పిన్ని.

రాళ్ల లోడుతో ముగ్గురూ క్యాబిన్లో బయలుదేరారు. ఆవిడ చెప్పులు విప్పి పాదాలు ఇనుప నేలకు ఆనించింది. ఎత్తు సగానికి వచ్చేసరికి పాదాల కింద అదురు మారింది. ఏదో తేడా ఉంది. ఏమిటో పాదాలకు అందలేదు. తమ్ముడి వైపు చూసింది. చిన్నప్పుడు పన్నునొప్పి వస్తే ముడుచుకున్నట్టు ముడుచుకుని ఉంది వాడి మొహం.

"కొడుతోందా?"

తలూపాడు.

"ఎలా కొడుతోంది? గిన్నె మీద గరిటెతో కొట్టినట్టా, తలుపు మీద పిడికిలితో గుద్దినట్టా?"

"గరిటెతో" అన్నాడు.

"అయితే బతికాం, లోపల ఏదీ విరగలేదు. బండి ఆపించు."

డీజిల్ ఇంకా వెంట్రుకవాసి ముందుగా పడుతోంది. రోడ్డు పక్కనే బోల్టులు వదులుచేసి, పంపును గాడిలో తగుమాత్రం వెనక్కి తిప్పి బిగించింది. కాలుతున్న ఇనుము మణికట్టుకు అంటుకుంది. తమ్ముడు పానా లాక్కోబోతే మోచేత్తో నెట్టేసింది.

బండిని కిందికి దించి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించారు. ఈసారి ఆవిడ రోడ్డు చూడనేలేదు. తమ్ముడి మొహాన్నే చూస్తూ కూర్చుంది. ఆ మొహం మెల్లగా విప్పారింది. పైకి చేరేసరికి వాడు పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. వెనక పొగ ఉందీ లేనట్టుంది.

డ్రైవర్‌కు ఆశ పుట్టింది. "పిన్నీ, ఇంకాస్త డీజిల్ పెంచితే ఇంకా లాగుతుంది కదా?"

"లాగుతుంది. తర్వాత నిన్ను ఎవరు లాగాలి?" అంటూ డీజిల్ పెంచే ఆ స్క్రూకు తీగ చుట్టి సీలు వేసేసింది. "ఇది తెంపి నా గుమ్మం తొక్కావో, చూడు."

తిరుగు దారిలో తమ్ముడు ఆవిడ భుజం తట్టి, తన వైపు తిరిగాక మెల్లగా అన్నాడు. "రేపటి నుంచి గదిలో కూర్చో అక్కా. కానీ రోడ్డు మీద పరీక్షకు ఒక చెవి కావాలి. ఆ మాట కాదనకు."

ఆవిడకు పగిలిన ఆ పిస్టన్ కళ్లముందు మెదిలింది. "కావాలి, కాదనను" అంది. "ఆ చెవి నువ్వే అయితే మంచిది. అయితే ఒకటి: చెవి నా కింద పనిచేస్తుంది, నా మీద పెత్తనం చెయ్యదు."

అప్పటి నుంచి అలాగే నడుస్తోంది. ఆవిడ చేస్తుంది, తమ్ముడు వింటాడు, దారంతా పోట్లాడుకుంటారు. అందరికీ నచ్చిందని కాదు. కొందరు ఇప్పటికీ పంపులు వేరే చోటికి తీసుకుపోతారు. ఈ మధ్య ఒక లారీ యజమాని గది గుమ్మంలో నిలబడి, నా పంపు చెవిటిదానికి ఇవ్వద్దు అన్నాడు. తమ్ముడు కల్పించుకోబోయాడు. పిన్ని వద్దని చెయ్యి చూపించి, ఆ మనిషి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నాకు వినపడలేదయ్యా. గట్టిగా చెప్పు, వీధిలో వాళ్లందరికీ వినపడాలి."

అతను అటూ ఇటూ చూశాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.