వరండా మెంబరు

కండక్టర్ బాబాయ్ రిటైరైన మర్నాడే కమిటీల్లో పడ్డాడు. ఇంట్లో ఖాళీగా కనిపిస్తే పిన్ని వంటింటి డబ్బాలు తుడవమంటుందని భయం.

తక్కువ జీతాల వాళ్లకి తక్కువ అద్దెకి ఇళ్లు కట్టించే సంస్థ ఒకటి బస్టాండు వెనకాల ఉండేది. చందాలతో నడిచేది. అందులో ఇళ్లకంటే కమిటీలు ఎక్కువ. రంగులకొకటి, నీళ్లకొకటి, స్టోరుకొకటి, ఇవన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఇంకొకటి. ఏ కమిటీలోకి పిలిచినా బాబాయ్ కాదనలేదు.

"జీతం లేదు, బత్తెం లేదు. అంత ఒరిగేది ఏముందక్కడ?" అనేది పిన్ని.

"నలుగురూ ఉంటారు కదే."

"ఉండి ఏం చేస్తారు?"

"మాట్లాడుకుంటారు."

"ఆ భాగ్యానికి అంత దూరం నడవాలా? నేను ఇక్కడ నోరు మూసుకుని కూర్చున్నానా?"

ఆయన మనసుపడి చేరింది మాత్రం కేటాయింపు కమిటీలో. ఏ ఇల్లు ఎవరికివ్వాలో తేల్చేది అదే. ఊళ్లో సగం మందిని బస్సెక్కించి దింపినవాడు, మనుషుల్ని ఎరిగినవాడు అని ఏరికోరి తీసుకున్నారు. తీసుకున్నాక నిబంధన వినిపించారు. అర్జీ పెట్టుకున్న మనిషి మెంబరుకి తెలిసినవాళ్లయితే ఆ మెంబరు లేచి బయటికి వెళ్లిపోవాలి. మొహమాటానికి ఇళ్లు పంచకూడదట.

మనుషులు తెలుసని తీసుకుని, తెలుసని బయటికి పంపడమేమిటో బాబాయ్‌కి ఏనాడూ అర్థం కాలేదు. పేరు చదవగానే కుర్చీ వెనక్కి జరిపేవాడు. సంస్థ అధ్యక్షుడు ఒక రిటైరైన హెడ్మాస్టరు. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఈయనా తెలుసా?" అనేవారు. "రెండో ట్రిప్పు, కిటికీ పక్క సీటండీ" అని బాబాయ్ బయటికి నడిచేవాడు. ఆయన సేవంతా వరండాలో బెంచీ మీదే జరిగింది. పిన్ని ఆయనకి 'వరండా మెంబరు' అని పేరు పెట్టింది. మనిషి పోయినా ఆ పేరు పోలేదు, ఇప్పటికీ అలాగే తలుచుకుంటుంది.

ఇస్త్రీ అక్క అర్జీ వచ్చేదాకా ఆయనకి ఇదంతా నవ్వులాటగానే ఉండేది.

ఇస్త్రీ అక్క బండి వీధి మొదట్లో ఉండేది. కాపురం మాత్రం లిఫ్టులేని మేడలో, పై అంతస్తున. మొగుడు మేస్త్రీ. పరంజా మీంచి పడితే నడుము కిందంతా చచ్చుబడిపోయింది. అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, కాసేపు ఎండలో కూర్చోబెట్టాలన్నా ఆవిడే వీపున మోసుకుని దిగాలి. సంస్థ కొత్తగా కట్టిన బ్లాకులో నేలమీది ఇల్లు ఒక్కటే మిగిలింది. అది ఆవిడకి దక్కాలని బాబాయ్ పట్టుదల. మళ్లీ బ్లాకు లేచేసరికి ఆవిడ నడుమూ పోతుందని ఆయన బెంగ.

పోటీకి వచ్చింది మనుషులు కూడా కాదు. మిగిలిన రంగు డబ్బాలు, కాళ్లు విరిగిన కుర్చీలు పెట్టుకోడానికి ఆ ఇల్లు కావాలని స్టోరు కమిటీ అడిగింది. ఆ వేళ మీటింగులో ఎవరికీ ఇవ్వకపోతే ఇల్లు కుర్చీలదే. ఆ కోరికకి చెయ్యెత్తినవాళ్లలో బాబాయ్ కూడా ఉన్నాడు. టీ ఎవరెవరికి కావాలని అడుగుతున్నారనుకున్నాడట.

మాస్టారు ఇస్త్రీ అక్క పేరు చదివారు. బాబాయ్ అలవాటు ప్రకారం లేచాడు. మందుల షాపాయనా లేచాడు. నర్సమ్మ లేచింది, ఫొటో స్టూడియో అతనూ లేచాడు. ఊళ్లో చొక్కాలన్నీ ఆవిడ చేతిమీదుగానే వెళ్తాయి మరి. చివరికి మాస్టారు తన చొక్కా మడత వంక చూసుకుని, నిట్టూర్చి, తనూ వచ్చేశారు. లోపల మిగిలింది ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు. ఆయన చొక్కా చూస్తే ఇస్త్రీ అన్న మాటే విన్నట్టు లేదు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?" అన్నాడాయన కిటికీలోంచి.

"ఏం చెయ్యకండి. ముగ్గురుంటే గానీ చెల్లదు" అన్నారు మాస్టారు.

"అయితే ఇల్లు కుర్చీలకేనా?" అన్నాడు మందుల షాపాయన.

బాబాయ్ తల గోక్కున్నాడు. "మాస్టారూ, మొహమాటం ఉన్నవాళ్లే కదండీ బయటికి రావాలి?"

"అవును."

"మరి తగువున్నవాళ్లు?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "దాని గురించి ఏమీ రాయలేదు."

"నాకైతే ఆ మనిషి మొహం చూస్తేనే ఒళ్లు మంట" అంది నర్సమ్మ.

"అయితే నువ్వు లోపలికి పద తల్లీ. ఇంకెవరికి మంట?"

ఫొటో అతను చెయ్యెత్తాడు. కాసేపు అటూ ఇటూ చూసి మాస్టారూ ఎత్తారు. ముగ్గురూ లోపలికెళ్లారు. తలుపు మూసుకున్నాక గానీ బాబాయ్‌కి తాను చేసింది తట్టలేదు. ఎవరికైతే ఆవిడంటే గిట్టదో, ఏరి ఏరి వాళ్లచేతుల్లోనే అర్జీ పెట్టాడు. కిటికీ పక్కన నక్కాడు. బాబాయ్ నోరు జారతాడేమోనని మందుల షాపాయన ఆయన భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"ముందు మీ తగువులేమిటో చెప్పండి, నాకు ఎవరూ తెలీదు" అన్నాడు మేనేజరు.

"తెల్లచొక్కా సార్. కొత్తది. పెట్టె దానిమీదే వదిలేసి పరిగెత్తింది. వీపున ఇంత చిల్లు" అన్నాడు ఫొటో అతను.

"ఎక్కడికి పరిగెత్తింది?"

"పైకి. మొగుడు మంచం మీంచి పడ్డాడని ఎవరో కేకేశారు లెండి."

"నేను వాళ్ల కింది వాటాలో ఉంటాను" అందుకుంది నర్సమ్మ. "పొద్దున్నే మెట్ల మీద దబదబా చప్పుడు. మొగుణ్ణి వీపునేసుకుని, మెట్టు మెట్టుకీ ఆగి గోడకి ఆనుతుంది. నా గుమ్మం పక్క సున్నమంతా రాలిపోయింది. అదేమని అడిగితే, నువ్వూ ఓ చెయ్యెయ్యొచ్చుగా అంది. నన్ను."

"వేశారా?"

"నాకు మోకాళ్ల నొప్పులండీ."

మాస్టారి వంతు వచ్చింది. "సన్మానానికి చొక్కా ఇవ్వలేదు. నలిగిన చొక్కాతో దండ వేయించుకున్నాను."

"ఎందుకివ్వలేదట?"

"మొగుణ్ణి మోసుకుని ఆస్పత్రికి వెళ్లానంది." మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సాకనుకున్నాను."

వరండాలో మందుల షాపాయన పట్టు బిగించాడు.

"ఇచ్చి పారేయండి, నా మెట్లు నాకు దక్కుతాయి" అంది నర్సమ్మ.

"మరి నా చొక్కా?" అన్నాడు ఫొటో అతను.

"అది వేరే కమిటీ" అన్నారు మాస్టారు.

బాబాయ్ బండి దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాడు. కబురు విని ఇస్త్రీ అక్క పెట్టె పక్కన నిలబెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత, "ఎవరెవరు ఇచ్చారు?" అంది. చెప్పాడు.

"ఆ నర్సమ్మా? మరి మీరు?"

"నేను బయటున్నానమ్మా. నీతో నాకు తగువు లేదు కదా."

"ఎందుకు లేదు? ఇన్నేళ్లూ జేబులో చిల్లర కాగితాలతో సహా చొక్కాలు తెచ్చి పడేశారు. మాటన్నానా?"

"ఇప్పుడంటున్నావు కదా" అన్నాడు బాబాయ్, మహా సంతోషంగా.

ఇల్లు మారిన రోజున నర్సమ్మ సణుక్కుంటూనే వచ్చి మేస్త్రీని కాళ్ల వైపు పట్టి మెట్లు దింపింది. కొత్త గుమ్మంలో చక్రాల కుర్చీ ఒక్క ఊపుతో లోపలికి దొర్లింది. మేస్త్రీ గదంతా కలయజూశాడు.

"బాబాయ్, ఈ గోడలకి ఈ రంగేమిటి? ఎవరు వేయించారు?"

"రంగుల కమిటీ."

"అందులో మీరూ ఉన్నారా?"

"ఉన్నాను."

"ఆ మీటింగెప్పుడో చెప్పండి" అన్నాడు మేస్త్రీ, కుర్చీని గుమ్మం వైపు తిప్పుకుంటూ. "నేనే వస్తాను."