లామర్స్ గారి కుక్కకు బిళ్ళ

మా పైవాటాలో ఉండే లామర్స్ గారికి కుక్క లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ శ్రమ తగ్గుతుంది. లేని కుక్కకి లైసెన్సు పుచ్చుకుని, మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన బిళ్ళని గొలుసుకి తగిలించి, పొద్దున్నే దాన్ని షికారు తిప్పిన మనిషి ఆవిడ. నవ్వొస్తే నవ్వండి, ఏం ఫర్వాలేదు. నేనూ పడీ పడీ నవ్వాను. ఆ నవ్వు చివరికి నా పీకకే చుట్టుకుంది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎల్‌ఫ్రీడ లామర్స్ మా నీడర్‌బ్రూక్ సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేది. సన్నగా, పొడుగ్గా, మడిచిపెట్టిన గొడుగులా ఉండేది. ఆవిడ బస్సెక్కితే టికెట్ ఉన్నవాళ్ళు కూడా జేబులు తడుముకునేవాళ్ళు. తనతోనే ఉండే సొంత అన్నగారు హూబర్ట్ ఓసారి పాసు ఇంట్లో మర్చిపోయి బస్సెక్కితే ఆయనకీ జరిమానా రాసింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, మాటా పలుకూ లేకుండా బంగాళాదుంపల సూప్ తాగారట. రిటైరయ్యాక కూడా బుద్ధి మారలేదు. రోడ్డు మీద పిట్ట లేకపోయినా ఎర్రలైటు పడితే ఆగిపోతుంది. నేనోసారి గోధుమరంగు సీసా ఒకటి, ఖాళీ సీసాలకి రంగుల వారీగా పెట్టిన డబ్బాల్లో, పొరపాటున తెల్లసీసాల దాంట్లో పడేస్తే, దాన్ని బయటికి తీసి, శుభ్రంగా తుడిచి, మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఏళ్ళ తరబడి మేమిద్దరం ఒకే మెట్లని వారం ఆవిడా వారం నేనూ తుడుచుకుంటూ వచ్చాం. ఆవిడకి నేను టీమన్ గారిని, నాకు ఆవిడ లామర్స్ గారు. "నమస్కారమండీ", "చలి తగ్గింది కదండీ" అనుకోవడమే తప్ప ఒకరి గడప ఒకరం తొక్కలేదు. మా వైపు దాన్ని కోపం అనరు, మర్యాద అంటారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఎవరూ చప్పుడు చెయ్యకూడదని మెట్ల దగ్గర కాగితం అంటించి ఉంటుంది. అంటించింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

హూబర్ట్ పోయాక పైవాటా నిశ్శబ్దమైపోయింది. ఆయన గొంతు పీపాలోంచి వచ్చినట్టు ఉండేది. తలుపు తియ్యకుండానే "ఎవరదీ?" అన్నాడంటే పోస్టుమాన్ కూడా రెండు మెట్లు దిగిపోయేవాడు. ఆ గొంతు లేని ఇంటికి ఓ రోజు ఎవడో నీళ్ళ మీటరు చూడాలంటూ వచ్చి, ఈవిడ తలుపు కాస్త తియ్యగానే సందులో కాలు పెట్టేశాడు. కేకేద్దామంటే ఈవిడకి గొంతు పెగల్లేదు. పెగిలాక వచ్చింది కేక కాదు, మొరుగు. ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదట. వాడు చీకట్లో దేన్ని చూశాననుకున్నాడో ఏమో, సంచీ అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు.

అదిగో, ఆ రోజునుంచి ఆవిడ తలుపు మీద 'కుక్క ఉన్నది, జాగ్రత్త' అని రేకు వెలిసింది. బెల్లు మోగితే చాలు, లోపల్నుంచి "భౌ! భౌ! భౌ!" ఆ వెంటనే చిన్న దగ్గు. ఏ కుక్కయినా మొరిగాక గొంతు సవరించుకుంటుందా, మీరే చెప్పండి? కింద పడుకుని వినేదాన్ని, నాకు తెలీదా? ఇంకో విచిత్రం, ఒంటిగంట దాటాక ఎవరైనా బెల్లు కొడితే ఆ కుక్క మెల్లిగా మొరిగేది. అయినా నేను కిక్కురుమనలేదు. అడిగితే బాగుండదు కదా.

మా ఊళ్ళో కుక్కకి పన్ను కట్టాలి. కడితే నంబరేసిన బిళ్ళ ఇస్తారు, అదే లైసెన్సు. ఎగ్గొట్టేవాళ్ళు కుక్కని సోఫా కిందకి తోసేసి "మాకెక్కడిదండీ" అంటారు కాబట్టి, వసంతకాలం రాగానే మునిసిపాలిటీ మనిషి ఇల్లిల్లూ తిరిగి బెల్లు కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. ఆ ఏడు వచ్చినాయన పేరు హాకె. కుక్కల పన్ను వసూలుచేసే ఆ మహానుభావుడికి కుక్కలంటే చచ్చేంత భయం. ఏ గుమ్మం దగ్గరైనా చెయ్యి చాచి బెల్లు నొక్కి, ఒంటిని మాత్రం వెనక్కి పెట్టి నిలబడతాడు.

ఆయన పైకెళ్ళి బెల్లు కొట్టాడు. ఆవిడ అలవాటు కొద్దీ మొరిగింది.

"కుక్క ఉందండోయ్ లామర్స్ గారూ! మా జాబితాలో మాత్రం లేదే!" అన్నాడు హాకె, మెట్లన్నీ ప్రతిధ్వనించేలా. "బిళ్ళ లేని కుక్క! మీరా? బస్సుల్లో మా తమ్ముణ్ణి పట్టుకుంది మీరే కదూ?"

నేను కింద మెట్ల మీద తుడుపుగుడ్డ పట్టుకుని వింటున్నాను. పాపం, ఆవిడ మొహం ఎలా ఉండుంటుందో ఊహించుకోండి. జన్మంతా టికెట్ లేనివాళ్ళని పట్టుకున్న మనిషి తనే టికెట్ లేకుండా పట్టుబడింది. కుక్క లేదంటే, మరి ఇందాక మొరిగిందెవరని అడుగుతాడు. కాసేపటికి లోపల్నుంచి సన్నగా, "రేపే వచ్చి తీసుకుంటానండీ" అని వినబడింది.

మర్నాడు నా పాస్‌పోర్టు పని మీద నేనూ ఆ ఆఫీసులోనే క్యూలో ఉన్నాను. లామర్స్ గారు చర్చికి వేసుకునే కోటు వేసుకుని వచ్చింది.

"కుక్క పేరు?" కౌంటర్లో అమ్మాయి అడిగింది.

"ఆర్కో."

"జాతి?"

"కలగలుపు."

"ఎత్తెంత?"

"కూర్చుంటేనా, నిలబడితేనా?"

"ఊరికే సుమారుగా చెప్పండి. కరుస్తుందా?"

"ఇంతవరకూ ఎవర్నీ కరవలేదమ్మా. మరీ రెచ్చగొడితే మాత్రం నా సంగతి నేను చెప్పలేను."

"మీ సంగతి కాదండీ, కుక్క సంగతి."

"అదే, దాని సంగతే."

నేను పాస్‌పోర్టు మొహానికి అడ్డం పెట్టుకుని ఆపుకోలేక నవ్వాను. ఆవిడ డబ్బు కట్టి, బిళ్ళ పుచ్చుకుని, పర్సులో భద్రంగా దాచుకుని, తలెత్తుకుని నడిచి వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగితే ఆవిడ లామర్స్ ఎందుకవుతుంది? బిళ్ళతో పాటు నిబంధనల కాగితం ఇచ్చారు. కుక్కని గొలుసుతోనే బయటికి తీసుకెళ్ళాలి, దాని పెంట యజమానే ఎత్తాలి అని ఉంది. ఇంకేం, గొలుసు కొనేసింది. చివర బిళ్ళ తగిలించి, పెంట ఎత్తే సంచులు జేబులో పెట్టుకుని, రోజూ పొద్దున్నే కాలవ గట్టు దాకా వెళ్ళొచ్చేది. జనం చూసేవాళ్ళు, ఖాళీ గొలుసుకి దారిచ్చి పక్కకి తప్పుకునేవాళ్ళు. ఒక్కరంటే ఒక్కరు "కుక్కేదండీ?" అని అడిగితే ఒట్టు. రొట్టెల కొట్టావిడ మాత్రం ఓసారి నా ఎదురుగానే, "ఆర్కో ఎలా ఉన్నాడండీ?" అంది.

లామర్స్ గారు జేబులో ఖాళీ సంచులు తడుముకుని, "కాస్త మలబద్ధకం" అంది.

అయితే ఎవరో గిట్టనివాళ్ళు మునిసిపాలిటీకి ఉప్పందించారు. గొలుసుంది, కుక్క లేదు, విచారించండి అని. దాంతో హాకె గారు శుక్రవారం మధ్యాహ్నం స్వయంగా వచ్చి కుక్కని పరిశీలిస్తారని ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం పట్టుకుని లామర్స్ గారు మా గుమ్మంలోకి వచ్చింది. అదే మొదటిసారి. కుర్చీ అంచున కూర్చుంది.

"టీమన్ గారూ, మీతో ఒక సంగతి చెప్పాలి. నాకు కుక్క లేదు."

"అయ్యో, అలాగా!" అన్నాను. నా మొహం నాకే అబద్ధంగా అనిపించింది.

"మీకు తెలుసనుకుంటాను."

"దగ్గు వినబడుతుందండీ."

ఆవిడ సిగ్గుతో కుంచించుకుపోయింది.

"మరి లేదని చెప్పి లైసెన్సు వాపసు ఇచ్చెయ్యచ్చు కదండీ?" అన్నాను.

"మోసం చేద్దామని తీసుకోలేదండీ. మొరుగు ఉందా లేదా? ఉంది. దానికి టికెట్ లేకపోవడం తప్పు కదా, అనుకున్నాను." కాసేపు ఉత్తరం మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "లేదని తేలితే ఆయన మెట్ల మీద నిలబడి అరిచి చెప్తాడు. ఆయన గొంతు మీకు తెలుసుగా. సాయంత్రానికి వీధంతా పాకిపోతుంది."

"పాకితే పాకనివ్వండి! నాలుగు రోజులు నవ్వుకుంటారు, ఊరుకుంటారు."

"నవ్వుకి కాదండీ నా బాధ. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటానని అందరికీ తెలిసిపోతుంది. నాకు భయమండీ, టీమన్ గారూ. బెల్లు మోగితే నా కాళ్ళు వణుకుతాయి."

ఛీ, ఎంత సిగ్గేసిందో నాకు. ఇన్నాళ్ళూ దిండులో మొహం పెట్టుకుని నవ్వింది ఈ వణుకుని చూసా అనిపించింది. శుక్రవారం నేనూ పైకి వచ్చి కూర్చుంటానన్నాను. వచ్చి ఏం చేస్తానో నాకు తెలీదు. ఆలూబుఖారా కేకు మాత్రం చేసి పట్టుకెళ్ళాను.

మేం వేసుకున్న ఉపాయం చిన్నదే. ఆయన బెల్లు కొడతాడు. ఆవిడ లోపల్నుంచి మొరిగి, దగ్గకుండా తమాయించుకుని, తలుపు తీసి "ఆర్కోని గదిలో పెట్టానండీ, కొత్తవాళ్ళంటే పడదు" అంటుంది. ఆయన పిరికివాడు కాబట్టి లోపలికి రాడు. నేను వంటింట్లో కేకు ముందు కూర్చుని ధైర్యంగా ఉండాలి. అదీ నా వంతు.

హాకె వచ్చాడు. తోలు ప్యాంటు తొడుక్కుని, చేతిలో కుక్కబిస్కెట్ల డబ్బా పట్టుకుని. ఈవిడ మొరిగింది, తలుపు తీసింది, గదిలో పెట్టానని చెప్పింది.

"గదిలోనే ఉంచండి, అక్కడే ఉంచండి!" అన్నాడు ఆయన కంగారుగా. "చూడక్కర్లేదు, విన్నా చాలు. కానీ మీరు మాత్రం ఇలా వచ్చి నా పక్కన నిలబడండి లామర్స్ గారూ. నోరు మూసుకుని. అలా. ఇప్పుడు మొరగనివ్వండి."

డబ్బా గలగలలాడించాడు.

ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

మళ్ళీ గలగలలాడించాడు. వంటింటి తలుపు సందులోంచి నాకు ఆవిడ వీపొక్కటే కనబడుతోంది. అంత నిటారు వీపూ మెల్లిమెల్లిగా వంగిపోతోంది.

"అంటే లామర్స్ గారూ," హాకె గొంతు మెట్లదాకా సాగింది, "ఈ ఇంట్లో మీరు తప్ప ఇంకె..."

నాకేమైందో నాకే తెలీదు. చర్చి బృందంలో బొంగురు గొంతు వరసలో పాడేదాన్ని, ఊళ్ళో పరువుగా బతికేదాన్ని, కేకు ముక్క పక్కన పడేసి నేలమీద చేతులూ మోకాళ్ళూ ఆన్చి మొరిగాను. మొదటిది తుస్సుమంది. రెండోది బాగా వచ్చింది. మూడోదానికి ఆ కాలు పెట్టిన మీటరువాడు గుర్తొచ్చాడు, ఇక చూస్కోండి, గిన్నెలు అదిరాయి. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది.

హాకె నాలుగు మెట్లు ఒక్క గెంతులో దిగిపోయాడు. అక్కడ ఊపిరి పీల్చుకుని, చెయ్యెత్తి, "ఆగండాగండి!" అన్నాడు. "ఇది ఆర్కో కాదు!"

కొంప మునిగిందనుకున్నాను.

"నన్ను మోసం చెయ్యలేరు లామర్స్ గారూ. నా చెవులు ఈ పనిలోనే అరిగిపోయాయి. వసంతంలో విన్నదీ, ఇందాక విన్నదీ సన్నగొంతు. ఇది బొంగురు. దుక్కలాంటి కుక్క. అంటే ఇంట్లో రెండున్నాయి! రెండోదానికి బిళ్ళ లేదు! రెండో కుక్కకి పన్ను ఎక్కువని తెలుసా మీకు?"

లామర్స్ గారు వెనక్కి తిరిగి వంటింటి తలుపు వైపు చూసింది. సందులోంచి నా కళ్ళూ ఆవిడ కళ్ళూ కలిశాయి. ఆవిడ వీపు మళ్ళీ నిటారైంది.

"తెలుసండీ. నాదే పొరపాటు. రాసుకోండి."

"పేరు?"

"రోస్విటా."

అది నా పేరు. ఇన్నేళ్ళలో ఆవిడ నోట నా పేరు రావడం అదే మొదలు.

"వయసు?"

"అరవై దాటింది."

"కుక్కకండీ!"

"కుక్కల లెక్కలోనే చెప్పాను."

"కరుస్తుందా?"

"నోరెక్కువ, కరవదు. మనసు మంచిది. కాకపోతే సీసాలు రంగు చూసుకోకుండా పారేస్తుంది."

ఆ మాట హాకెకి ఏం అర్థమైందో ఏమో, అదీ రాసుకున్నాడు. "అయితే ఇంట్లో రెండు ప్రాణులున్నట్టు నమోదు చేస్తున్నాను" అన్నాడు.

"గట్టిగా చెప్పండి" అంది లామర్స్ గారు.

"ఏవిటండీ?"

"ఇందాకటిలా, మెట్లన్నీ వినబడేలా చెప్పండి."

"ఈ ఇంట్లో ఇద్దరున్నారు!" అని అరిచాడు హాకె, బిక్కమొహం వేసుకుని. ఆవిడ తల ఊపింది.

తలుపేసి వంటింట్లోకి వచ్చేసరికి నేనింకా నేలమీదే ఉన్నాను.

"లే రోస్విటా, కాఫీ పెడతాను" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"లేవలేను ఎల్‌ఫ్రీడా. మోకాలు పట్టేసింది, పట్టుకో."

రెండో బిళ్ళకి డబ్బు నేనే కట్టాను. నా తాళంచెవులకి తగిలించుకున్నాను. కాలవ గట్టుకి ఇప్పుడు ఇద్దరం వెళ్తున్నాం, గొలుసు వంతులవారీగా పట్టుకుని. రొట్టెల కొట్టావిడ ఏమీ అడగదు, మర్యాదస్తురాలు.

మొన్న కరెంటు మనిషినంటూ ఎవడో వచ్చి కింద మా బెల్లు కొట్టాడు. నేను నోరు తెరిచేలోపే పైనుంచి ఆర్కో అందుకున్నాడు. నేనూ కలిశాను. ఒంటిగంట దాటింది కాబట్టి ఇద్దరం కాస్త మెల్లిగానే మొరిగాం.