మరగని సూది

మా అత్తగారికి చక్కెర జబ్బు ముదిరి, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తప్పదని గుంటూరు డాక్టరు తేల్చినప్పుడు ఇంట్లో అందరూ నా వైపు చూశారు. పదో తరగతి చదివిన కోడలిని కదా. సూది చూస్తేనే నాకు ముచ్చెమటలు. అందుకని ఊరి చివర క్రైస్తవుల పల్లెలో ఉండే ఆయాను పిలిపించారు. మిషన్ ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి పనిచేసి, మోకాళ్ళ నొప్పులతో మానేసి వచ్చిన మనిషి. ఇది ఎనభైల మొదట్లో మాట. వాడి పారేసే సూదులు ఇంకా మా ఊరి మొహం చూడలేదు. గాజు సిరంజి, సూది, వాటిని పెట్టుకోవడానికి ఒక స్టీలు పెట్టె, అంతే.

వచ్చిన రోజే ఆమె తన పద్ధతులు చెప్పింది. చేతులు కడుక్కోవడానికి సబ్బు, ఉతికి ఎండేసిన తువ్వాలు కావాలంది. రోజూ అత్తగారి కాలివేళ్ళ సందులు చూసి తుడుస్తానంది. అన్నిటికంటే ముఖ్యం, సూది పెట్టె ఇరవై నిమిషాలు కుతకుతా మరగాలంది.

"గడియారం చూసి మరగబెట్టాలమ్మా, ఉజ్జాయింపు పనికిరాదు. వసారాలో ఓ కిరసనాయిలు స్టవ్వు ఇప్పించండి, నేనే చూసుకుంటా."

అత్తగారు మంచం మీంచే కొట్టిపారేసింది. "దాని చేతి నీళ్ళు నా ఒంట్లోకి ఎక్కిస్తారా? అంటూ ముట్టూ లేకుండా పోయిందా ఈ కొంపలో? కోడలు మరగబెట్టి ఇస్తది, సూది మాత్రం దాన్ని వెయ్యమను."

ఆమె అక్కడే నిలబడి ఉంది. అత్తగారి పాదాలు ఒళ్ళో పెట్టుకుని తుడవడానికి ఆమె పనికొచ్చింది, తొడ పట్టుకుని సూది గుచ్చడానికి పనికొచ్చింది, నీళ్ళు కాచడానికి మాత్రం పనికిరాలేదు. ఇందులో ఉన్న వెర్రితనం మా ఇంట్లో ఎవరికీ కనబడలేదు. చదువుకున్నదాన్ని, నాకూ కనబడలేదు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దయిన మనిషిని "నువ్వు" అని పిలవడంలో తప్పుందని కూడా నాకు తోచలేదు.

మూడు నెలలు గడియారం చూసే మరగబెట్టాను. ఆమె పెట్టె అందుకునే ముందు రోజూ అడిగేది, "ఇరవై నిమిషాలు మరిగిందా అమ్మా?" అని. ఒకనాడు నాకు చిర్రెత్తింది.

"రోజూ అడగాలా? నీకు నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదమ్మా, ఆస్పత్రిలో అలవాటు" అంది. మర్నాటి నుంచి అడగడం మానేసింది.

తర్వాత మిరప కోతలు వచ్చాయి. కల్లంలో కాయకు కాపలా ఉన్నవాళ్ళకీ, బండ్లవాళ్ళకీ తెల్లారేసరికి క్యారేజీలు సర్దాలి. రెండు పొయ్యిలూ ఖాళీ ఉండేవి కావు. ఒకరోజు పప్పు దించి పెట్టె పెట్టే ఓపిక లేక, స్నానాల కాగులోంచి వేడినీళ్ళు ముంచి పెట్టెలో పోసి, మూతపెట్టి ఇచ్చేశాను. పెట్టె కాలుతోంది, ఆవిరి వస్తోంది. ఆమె కొంగుతో పట్టుకుని తీసుకెళ్ళింది. అత్తగారికి ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కదా అని మర్నాడూ అదే చేశాను. కోతలు సాగినన్నాళ్ళూ అదే చేశాను.

అత్తగారి తొడ ఎర్రగా వాచింది. చలిజ్వరం పట్టుకుంది. వాపును మొదట చూసింది ఆయానే. "ఇయ్యాళే తీసుకెళ్ళండి, రేపటిదాకా ఆగొద్దు" అని మామగారి వెంటపడి బండి కట్టించింది. తోడుగా తనూ వచ్చింది. పట్నం డాక్టరు కోసి చీము తీశాడు. చక్కెర ఉన్న ఒళ్ళు, ఇంకో రెండు రోజులైతే కాలు తీసెయ్యాల్సి వచ్చేదన్నాడు.

"సూదులు మరగబెట్టే వేస్తున్నారా? ఎవరు చేస్తున్నారు ఆ పని?" అని అడిగాడు.

ఆమె గోడ వారగా నిలబడి నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. నేను జవాబు చెబుతానని చూసింది, అంతే.

"రోజూ ఇరవై నిమిషాలు మరగబెట్టే ఇచ్చానండి" అన్నాను.

నా గొంతు వణకలేదు. అదే నాకు ఇప్పటికీ అసహ్యం. మామగారు ఆమె వైపు తిరిగి, "అయితే నీ చేతులే శుభ్రంగా లేవన్నమాట" అన్నారు. ఆమె తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంది.

ఆమె చేత్తో సూది వేస్తే చీము పడుతుందని ఊరంతా పాకింది. పురుళ్ళకు పిలవడం మానేశారు, కట్లు కట్టించుకోవడం మానేశారు. మా అత్తగారికి మా కులపు కాంపౌండరు కుదిరాడు. వంటింట్లోకి వచ్చి కాఫీ తాగి వెళ్ళేవాడు. సూది మరగబెట్టమని ఏనాడూ అనలేదు. పొరుగింట్లో వేసిన సూదినే స్పిరిట్ దూదితో తుడిచి మా ఇంట్లో వేసేవాడు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. "అబ్బాయి హస్తవాసి మంచిది" అని అత్తగారు పదిమందికీ చెప్పింది. పక్కనే కూర్చుని నేనూ తలూపాను.

రెండేళ్ళ తర్వాత, మా ఆయన కాయ తోలుకుని మిర్చి యార్డుకు వెళ్ళి ఉంటే, కోతలు చూసుకోవడానికి నేను చేనుకు వెళ్ళాను. కూలీల్లో ఆమె ఉంది. ఆ మోకాళ్ళతో వంగలేక చాళ్ళో చతికిలబడి జరుగుతూ కాయ కోస్తోంది. మిరప మంటకు వేళ్ళు ఎర్రబారి ఉన్నాయి. నీళ్ళ బిందె దగ్గరకు వచ్చి, "పెద్దమ్మగారి కాలు ఎట్టుందమ్మా?" అని అడిగింది.

"మానిపోయింది."

"దేవుడు చల్లగా చూశాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కూడు సయించదమ్మా. మీరు అంత జాగర్తగా మరగబెట్టి ఇచ్చేవాళ్ళు. ఎక్కడో నేనే చేతులు సరిగ్గా కడుక్కోలేదు. మొన్న ఈస్టరుకి గుళ్ళో మోకాళ్ళ మీద కూర్చుని ఒప్పుకున్నా, ఆ పాపం నాదేనని."

చుట్టుపక్కల ఎవరూ లేరు. చెప్పాలంటే ఒక్క మాట చాలు. చెప్పాలనే అనుకున్నాను. నా పిరికితనం మీద నాకే మండింది.

ఆమె దోసిలి పట్టింది. నేను చెంబు పైకెత్తి, ఆ చేతులకు తగలకుండా నీళ్ళు పోశాను.