పెరగని బీపీకి పంచిన బిస్కెట్లు

నా ప్రాణానికి నేనే ఎసరు పెట్టుకున్న ముచ్చట ఇది. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. మా ఆవిడ సుజాత మాత్రం ఇప్పటికీ నవ్వదు.

గుండె కండరం మందమయ్యే జబ్బు మాకు వంశపారంపర్యం. అన్న నాంపల్లి స్టేషన్ మెట్లెక్కుతూ కూలి, అక్కడే పోయాడు. తర్వాత చూస్తే నాకూ అదే ఉంది. ప్రమాదం ఎంతో తేల్చడానికి అబిడ్స్‌లోని ఒక దవాఖానలో ట్రెడ్‌మిల్ మీద నడిపించి బీపీ చూస్తామన్నారు.

బీపీ పెరగడమంటే మా ఇంట్లో మహాపాపం. ఎవరికి పెరిగినా పచ్చడి జాడీ అటకెక్కుతుంది. అందుకని నేను, అపర మేధావిని కదా, పొద్దున్నే అత్తమ్మ బీపీ గోలీ ఒకటి మింగి సుజాతతో బయల్దేరాను.

కాసేపు నడిచేసరికి కళ్ళు తిరిగాయి. మిషన్ ఆపేశారు.

"బీపీ ఎంత పెరిగింది?" అని రొప్పుతూ అడిగాను.

"పెరగలే సార్. జర దిగింది," అన్నాడు టెక్నీషియన్.

ఇంకేం! బయటికొచ్చి కేకేశాను. "సుజాతా, బీపీ పెరగనే లేదు! ఫస్ట్ క్లాస్!"

"ఔనా! మా అమ్మకన్న నువ్వే నయం!"

ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి హాల్లో అందరికీ పంచాను. డాక్టరమ్మ బల్ల మీదా రెండు పెట్టాను.

"ఇవెందుకండీ?"

"బీపీ పెరగలేదు కదమ్మా!"

"నడిస్తే పెరగాలండీ. మీ జబ్బులో పెరగకపోతేనే భయం. మాత్రలేమైనా వేసుకున్నారా?"

నమిలే బిస్కెట్ గబుక్కున మింగాను. చెప్పక తప్పలేదు.

"అక్కడే పడిపోయేవారు, తెలుసా!" అన్నారావిడ.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! మా అమ్మ గోలీ నీకెందుకయ్యా? బావ పోయింది సాలదా?" అని సుజాత అందరి ముందే ఏడ్చేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గోలీ ప్రభావం పోయాక మళ్ళీ నడిపించారు. తప్పంతా నా తెలివితక్కువతనానిదే కావాలని దేవుళ్ళందరికీ మొక్కాను. నేను వెధవనని తేలితే చాలని మొక్కుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే.

"ఈసారీ పెరగలేదండీ," అన్నారు డాక్టరమ్మ, మెల్లగా.

అంటే నేను వెధవనన్నదీ నిజమే, జబ్బు ముదిరిందన్నదీ నిజమే. ఇప్పుడు నా ఛాతీలో ఒక చిన్న పెట్టె ఉంది. గుండె దారి తప్పితే షాక్ కొట్టి నిలబెడుతుందట.

కనుక ఆ పెట్టె మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో అత్తగారి గోలీ ముట్టను. డాక్టరమ్మ నవ్వేదాకా ఎవరికీ బిస్కెట్లు పంచను. ఆవిడ ఇంకా నవ్వలేదు.