స్టిక్కరు మీద నా నంబరు

కిందటేడు ఎండాకాలం మొదట్లో మా కంపెనీ నన్ను విజయనగరం నుంచి ఒడిశా సరిహద్దు దాకా ఉన్న ఛార్జింగ్ స్టేషన్ల పని మీద పంపింది. కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. విశాఖలో రెండు గదులు, పదిమందిమి. కరెంటు బళ్లకి ఛార్జింగ్ పెట్టే మిషన్లు వేరేవాళ్లవి, వాటి దగ్గర డబ్బు తీసుకునే ఏర్పాటు మాది.

అప్పటిదాకా ఆ మిషన్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఫోనులో యాప్ దించుకోవాలి, పేరూ బండి నంబరూ ఇచ్చి ఖాతా తెరవాలి, అందులో ముందే కొంత డబ్బు వేసి ఉంచుకోవాలి. ఉద్యోగస్తుల కార్లకి అది బాగానే ఉండేది. ఆటోవాళ్లకి మాత్రం కుదరలేదు. కోటబొమ్మాళి దగ్గర ఒకాయన నాతో అన్నాడు: "టీ తాగడానికొస్తే ముందు నెల డబ్బులు కట్టీమన్నట్టున్నాది మేడమ్."

నా పని ఆ పద్ధతి మార్చడం. మిషన్ మీద ఒక స్టిక్కరు ఉంటుంది. కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసినట్టే దాన్ని స్కాన్ చేయాలి. ఎంతకి కావాలో అంతే కట్టాలి, అంత కరెంటు వస్తుంది. మధ్యలో ఆపేస్తే మిగిలింది వెనక్కి వెళ్లిపోతుంది. యాప్ లేదు, ఖాతా లేదు. చెప్పడానికి ఇంతే. కానీ డబ్బు పడిందని మా కంప్యూటరుకి తెలియాలి, అది మిషన్‌కి చెప్పాలి, అప్పుడు మిషన్ కరెంటు వదలాలి. మధ్యలో సిగ్నల్ పోయిందంటే డబ్బు వెళుతుంది, కరెంటు రాదు. ఒక్కో మిషన్‌ని దారికి తెచ్చేసరికి రెండు రోజులు పట్టేది.

స్టిక్కరు కింద ఫిర్యాదులకి ఆఫీసు నంబరు ఉండేది. దానికి చేస్తే ముందు ఏ భాష కావాలో నొక్కమంటుంది, తర్వాత పాట వినిపిస్తుంది. నౌపడ దగ్గర ఒక ముసలి ఆటో డ్రైవరు ఫోను చెవిన పెట్టుకుని ఆ పాట చివరిదాకా విని, బండి తోసుకుంటూ వెళ్లిపోవడం చూశాను. ఆ రోజు నుంచి ప్రతి స్టిక్కరు మీదా మార్కరుతో నా సొంత నంబరు రాస్తూ వచ్చాను. మా మేనేజరుకి తెలిసి కోప్పడ్డాడు. మీకు తిండీ నిద్రా ఉండవు మేడమ్ అన్నాడు. ఫరవాలేదన్నాను. నిజం చెప్పాలంటే ఆ ఫోన్లు నాకు ఇష్టంగానే ఉండేవి. తొమ్మిదేళ్లుగా విశాఖలో అద్దెగదిలో ఉంటున్నాను. రోజుకి నాలుగుసార్లు ఎవరో ఒకరు ఫోన్లో "ఏటి మేడమ్ ఇది" అంటుంటే ఇంట్లో ఎవరో పిలిచినట్టుండేది.

ఇక్కడ మా మావ సంగతి చెప్పాలి. మా అమ్మకి తమ్ముడు, ఆమెని అప్ప అని పిలిచేవాడు. టెక్కలిలో ఆయనకి మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. పొలాల మోటార్లు, ఉప్పుమడుల్లో నీళ్లు తోడే మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు కాలిపోయి అక్కడికి వచ్చేవి. మావ లోపలి రాగితీగ తీసేసి కొత్తది చుట్టి, దానికి వార్నిష్ పట్టించేవాడు. మేం నౌపడలో ఉండేవాళ్లం. ఎనిమిదో తరగతి నుంచీ సెలవులన్నీ నేను ఆ షాపులోనే గడిపాను. ఆదివారమైతే చర్చి నుంచి తిన్నగా అక్కడికే. తీగ చుడుతూ చుట్లు లెక్కపెట్టాలి. లెక్క తప్పితే మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. మావ కసిరేవాడు కాదు. విప్పిన తీగ నా చేతికిచ్చి "కానీ గుంటా" అనేవాడు. మా వైపు చిన్నపిల్లని గుంట అంటారు. ఆడపిల్లకి ఈ పనేటి అని ఒక రైతు అడిగితే, "దాని యేల్లు సన్నంగున్నాయి, తీగ దాని మాటింటాది. నీ మాటింటాదేటి?" అన్నాడు. ఇంటికి వెళితే అమ్మ నా జుట్టు వాసన చూసి, వార్నిష్ కంపు అని తల రుద్దేది.

మా నాన్న నౌపడ ఉప్పుమడుల్లో మేస్త్రి. ఆయనకీ మావకీ మంచి స్నేహం. కొత్త ఇళ్లకి ఎర్తింగ్ కోసం గొయ్యి తవ్వి, కడ్డీ దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేస్తారు. మావ ఆ పని ఒప్పుకుంటే నాన్న ఉప్పు బస్తా సైకిలు మీద పెట్టుకుని తానూ వెళ్లేవాడు. ఇద్దరూ గొయ్యి తవ్వి, ఒళ్లంతా మట్టితో మా ఇంటికొచ్చి అమ్మ చేత తిట్లు తిని టీ తాగేవాళ్లు.

నేను శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతుండగా అమ్మకి జ్వరం వచ్చింది. మూడో రోజు సాయంత్రం ఆయాసం మొదలైంది. ఇప్పుడే శ్రీకాకుళం తీసుకెళ్దాం అన్నాడట మావ. ఇంజక్షన్ చేశారు, నిద్రపట్టింది, తెల్లారాక వెళ్దాం అన్నాడట నాన్న. తెల్లారేసరికి అమ్మ లేదు. సమాధి పూడ్చి అందరం బయటికి వస్తుంటే మావ గేటు దగ్గర ఆగి, "తెల్లారనీ తెల్లారనీ అని మా అప్పని సంపేసినావు బావా" అన్నాడు. నాన్న ముఖం ఎర్రబడింది. "ఇంకోపాలి నా గుమ్మం ఎక్కకు" అన్నాడు. నేను ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అది ఇప్పటికీ నన్ను వదలదు.

నెల తిరక్కుండా మావ షాపు మూసేసి అత్తతో ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఫోను నంబరు మార్చేశాడు. బరంపురంలో ఉన్నాడని కొందరు, రాయగడలో అని కొందరు అన్నారు. ఒకసారి బరంపురం వెళ్లి కనిపించిన వైండింగ్ షాపులన్నీ తిరిగాను. ఆ తర్వాత ఏ ఊళ్లో వార్నిష్ వాసన తగిలినా బండి ఆపి లోపలికి తొంగిచూడడం అలవాటైపోయింది. లోపల పనిచేసే మనిషి తలెత్తేదాకా ఆగేదాన్ని. తలెత్తాక, ఏదో దారి అడిగినట్టు నటించి వచ్చేసేదాన్ని. అలా పదమూడేళ్లు. నాన్న ఆయన పేరెత్తేవాడు కాదు. చివరి ఏడు మంచంలో ఉండగా ఒకసారి మాత్రం, "మీ మావ ఆసూకీ ఏటైనా తెలిసిందేటి?" అని అడిగాడు. లేదన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత కొన్నాళ్లకే పోయాడు.

ఆ ఫోను వచ్చిన రోజు నేను భావనపాడులో ఉన్నాను. ఒడ్డు నుంచి చేపలు మోసే కరెంటు ఆటోలు ఊరి మొదట్లో ఆగే చోట కొత్త మిషన్ పెట్టారు. నేను పరీక్షకి పది రూపాయలు కట్టడం, ఛార్జింగ్ తీగ చివరనుండే గన్ను బండికి పెట్టడం, ఆపడం, డబ్బు వెనక్కి వచ్చిందా లేదా చూడడం, మళ్లీ కట్టడం. గంపలు దించుకుని కూచున్న చేపల ఆడవాళ్లలో ఒకామె, "ఆ పది రూపాయలే ఇస్తన్నావు, ఆ పది రూపాయలే తీసుకుంటన్నావు, ఇదేటి ఉద్దోగమమ్మా" అంది. అందరం నవ్వుతుండగా ఫోను మోగింది.

"ఏటమ్మా ఇది, డబ్బులు ఎల్లిపోనాయి, మిషన్ సూస్తే ఎర్ర లైటు ఎలుగుతన్నాది."

నా నవ్వు ఆగిపోయింది. అవతలి గొంతు బాగా సన్నబడింది. కానీ మాటకి ముందు చిన్నగా గొంతు సవరించుకోవడం, "అమ్మా"ని సాగదీయడం మావవే. ఒకలాంటి గొంతులు లోకంలో చాలా ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను.

"ఏ స్టేషన్ సార్?" అన్నాను.

"పాతపట్నం. టిఫిన్ల హోటలు పక్కన."

"గన్ను ఒకసారి తీసి మళ్లీ పెట్టండి సార్."

"రెండుపాల్లు సేసినాను. అది కాదమ్మా దాని రోగం. మీ మిషన్‌కి ఎర్తు అందట్నేదు. ఎండకి గొయ్యి ఎండిపోనాది. ఎవులు తవ్వినారో గానీ ఉప్పు సరిగ్గా ఎయ్యనేదు."

నేను పక్కనున్న ఖాళీ చేపల పెట్టె మీద కూచున్నాను. ఏం చేయమంటారని అడిగాను. జవాబు నాకు తెలుసు. ఆయన నోటి నుంచి వినాలనిపించింది.

"రెండు బిందెల నీల్లు పొయ్యాలి. హోటలాయన తెస్తన్నాడు. నువ్వు లైన్లో ఉండమ్మా."

ఉన్నాను. బిందె నేలకి తగిలిన చప్పుడు, నీళ్లు పోసిన చప్పుడు వినిపించాయి. మా మిషన్లన్నీ ఎలా ఉన్నాయో నా ఫోనులో కనిపిస్తాయి. కాసేపటికి ఆ తెర మీద పాతపట్నం మిషన్ ఎరుపు నుంచి పచ్చరంగులోకి మారింది.

"వచ్చినాదమ్మా. ఉంటాను మరి."

"మావా," అన్నాను.

ఫోను పెట్టేయలేదు. "ఎవులు?"

"గుంటని."

గొంతు సవరించుకున్నాడు. "ఏడున్నావు?"

"భావనపాడులో. నువ్వక్కడే ఉండు మావా, వస్తాను. గంటన్నర పడతాది."

"బండి నాది కాదు. రిపేరుకొచ్చినాది, సాయంత్రానికి ఇచ్చీయాల. ఇక్కడ నలబై నిమిసాలే సూపిస్తన్నాది." కొంచెం ఆగి, "రా," అన్నాడు.

సగంలో ఉన్న పని అలాగే వదిలేసి స్కూటరు తీశాను. దారిపొడుగునా ఒకటే భయం. నలభై నిమిషాల్లో బండి నిండిపోతుంది. నిండాక కూచుని ఆలోచిస్తే మనసు మారిపోతుంది, వెళ్లిపోతాడు. నంబరు నా ఫోనులో ఉంది, కానీ నంబరు మార్చేసిన మనిషే కదా. టెక్కలి దాటాక బండి ఆపి చూశాను. ఇంకా కరెంటు ఎక్కుతోంది. మెళియాపుట్టిలో ఆపి చూశాను. నిండిపోయింది. కానీ గన్ను బండి నుంచి తీయలేదని చూపిస్తోంది. అక్కడి నుంచి ప్రతి అయిదు కిలోమీటర్లకీ ఆగి చూశాను. తీయలేదు. ఇంకా తీయలేదు.

నేను వెళ్లేసరికి స్టేషన్ ముందు మరో రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. ఒక డ్రైవరు, "నిండిపోయి గంటయినాది తాతా, తీవేటి?" అని విసుక్కుంటున్నాడు. హోటలు బల్ల మీద కూచున్న ముసలాయన, "మా గుంట వస్తన్నాది, ఉండరా" అంటున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. దళసరి కళ్లద్దాలు. నన్ను చూసి లేచాడు. వెళ్లి గన్ను తీసి దాని చోట పెట్టి వచ్చాడు.

"తిన్నావేటి?" అన్నాడు.

లేదన్నాను. ఇడ్లీలు అయిపోయాయని హోటలాయన బజ్జీలూ టీ తెచ్చాడు. మావ నా వేళ్ల వైపు చూస్తున్నాడు. సరిహద్దు అవతల పర్లాకిమిడిలో చిన్న షాపు పెట్టుకున్నానని, ఇప్పుడు ఎక్కువగా కరెంటు ఆటోల మోటార్లే వస్తున్నాయని చెప్పాడు. చుట్టుపక్కల నేను వెతకని ఊరు అదొక్కటే. తర్వాత అడిగాడు: "మీ నాన్న ఎలగున్నాడు?"

"పోయాడు మావా. రెండేల్లయినాది."

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "నాకెవులూ సెప్పనేదు."

"ఎవులికి తెలుసు నువ్వెక్కడున్నావో?" అన్నాను. అంత కోపం నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. "గొడవ నాన్నతో. నాతో ఏటి? నానేటి సేసినాను?"

మావ తల వంచుకుని విన్నాడు. ఆటోల వాళ్లు మావైపు చూసి, ఏదో అర్థమైనట్టు అవతలికి వెళ్లారు.

"నా గురించి ఏటైనా అన్నాడా బావ?" అని అడిగాడు. నాన్న మంచంలో అడిగిన మాట చెప్పాను. మావ కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

"ఆ రేత్రి బావ నిద్దరోయినాడని నాకు కోపం. నానూ నిద్దరోయినాను గుంటా. తెల్లారి ఎల్దాం అంటే సరేలే అని ఇంటికెల్లి తొంగున్నాను. ఆటో పిల్సుకొచ్చి నానే అప్పని తీసుకెల్లొచ్చును. ఎవులు ఆపుతారు? నిన్ను సూస్తే ఆ మాట నువ్వే అడుగుతావనిపించినాది."

నేనెప్పుడూ అడిగేదాన్ని కాదు. ఆ మాటే చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు.

వెళ్లే ముందు నన్ను మిషన్ వెనక్కి తీసుకెళ్లి గొయ్యి చూపించాడు. మళ్లీ తవ్వించమన్నాడు. రెండు వారాలకి ఆఫీసు ఒప్పుకుంది. నేను నౌపడ నుంచి ఉప్పు బస్తా వేసుకెళ్లాను. మావ సరిహద్దు దాటి వచ్చి, కూలీలని పక్కకి తప్పించి ఉప్పూ బొగ్గూ తన చేత్తోనే వేశాడు. ఆ పూట ఇద్దరం ఎర్తు గురించీ తీగ గురించీ తప్ప వేరే ఏమీ మాట్లాడుకోలేదు. ఆ మిషన్ మళ్లీ ఎండాకాలంలో మొరాయించలేదు.

మావ దొరికితే నా వెలితి తీరుతుందని అనుకునేదాన్ని. తీరలేదు. ఆయన మాట్లాడుతుంటే పక్కన నాన్న లేడని, ఇద్దరినీ కలిపి తిట్టడానికి అమ్మ లేదని ఇంకా బాగా తెలుస్తుంది. టెక్కలి రమ్మని చాలాసార్లు అడిగాను. "వస్తాన్లే" అంటాడు. ఇప్పటిదాకా రాలేదు. పాతపట్నం దాకా వస్తాడు, నన్ను చూసి వెళ్లిపోతాడు. ఫోను చేస్తే మోటార్ల గురించి అరగంట మాట్లాడతాడు, ఇంటి మాట వస్తే ఎవరో వచ్చారంటాడు.

నిన్న చేస్తే అత్త ఎత్తింది. ఊరి బయట ఎవరిదో మోటారు కాలిపోతే చూడ్డానికి వెళ్లాడంది. రాగానే చేయమంటానంది. ఇంకా చేయలేదు. ఇంతలో విజయనగరం వైపు నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. రెండుసార్లూ పేరు చూడకుండానే ఎత్తాను.