పాదం మీద రెండు వేళ్లు

నా కడుపులో డాక్టర్లు పెట్టిన గొట్టానికి చీము పట్టిందని నెలల తరబడి నాకెవరూ చెప్పలేదు. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం ఉబ్బితే, అది పగలకుండా లోపల ఆ గుడ్డగొట్టం పెట్టినారు. తర్వాత జ్వరం వచ్చినప్పుడల్లా మాత్రలిచ్చి మా ఊరు కొత్తచెరువుకు పంపించినారు.

ఆఖరికి ఆపరేషన్ చేసే డాక్టరమ్మ వచ్చింది. ముఖమైనా చూడకుండా వంగి నా పాదమ్మీద రెండు వేళ్లు పెట్టింది. మొక్కుతోందనుకొని ఆమె తలమీద చెయ్యి పెట్టి, "చల్లగా బతుకు తల్లీ" అని దీవించినా.

"దీవెన అందింది తాతా. కదలొద్దండి, నాడి చూస్తాండా" అనింది.

రక్తం కాళ్లదాకా పారుతోందా లేదా అని ఎవరికైనా ముందు అక్కడే చూస్తుందంట. గొట్టానికి చీము పట్టిందని ఆమే చెప్పింది.

బడికి పోకపోయినా పుస్తకాలు చదివినవాణ్ణి, ఊరుకుంటానా? "మందులతో పోదా?" అన్నా.

"పోదు. గొట్టం మొత్తం తీసేసి, మీ తొడలోని సిరతోనే కొత్త దారి కుట్టాల. కాలు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. తీయకుంటే మాత్రం బతకరు."

"మరి ఇన్నాళ్లు ఎందుకు దాచినారు?" అంటే మళ్లా పాదం దగ్గరికి వంగింది.

ఆపరేషన్ అయింది, బతికినా. కాళ్లూ నిలిచినాయి. రోజూ పొద్దున్నే వచ్చి ఆమె వేళ్లు పెట్టేది, నేను అదే మాట అడిగేవాణ్ణి. అంత సూటి మనిషికి ఆ ఒక్కదాని దగ్గర నోరెందుకు పెగలదో నాకు అంతుబట్టలేదు.

ఇంటికి పంపే రోజు కూడా వంగింది. ఈసారి రెండు చేతులూ నా పాదాల మీద ఉండాయి. "ఏమమ్మా, నాడి ఇంకా దొరకలేదా?" అన్నా.

"మీ స్కాను చూసి ముందే అనుమానపడినోళ్లలో నేనూ ఉండా తాతా. ఖాయమైనాక చెబ్దామని ఊరుకుంటిమి, తప్పే. ఈపొద్దు నేను వంగింది నాడి కోసం కాదు."